తెగాల్సిన దారం

ఉస్తీన్యాకి భయం కొత్త కాదు. ఉల్లి మడిలో కప్ప ఎగిరితే గుండె మీద చెయ్యేసుకునే మనిషి, ఉరిమితే మంచం కింద దూరే మనిషి. అయితే అవన్నీ చిల్లర భయాలు, వచ్చిన దారినే పోయేవి. పెయిప్సీ సరస్సు గడ్డకట్టినప్పటి నుంచి పట్టుకున్న భయం మాత్రం ఇల్లరికపుటల్లుడిలా ఇంట్లో తిష్ఠ వేసింది. రోజూ ఆమెకంటే ముందే లేచి కూర్చుంటోంది.

ఆమె పుట్టింది అడవి వైపు ఊళ్ళో. అక్కడ నీళ్ళంటే బావి, అంతే. మొదటి మొగుడు తెరెంతీ కడుపులో పుండుతో తీసుకుని తీసుకుని పోయాక, ఇక తన బతుకింతేనని ఊరందరితో పాటు తనూ అనుకుంది. నలభై దాటాక సరస్సు ఒడ్డునున్న వార్న్యా నుంచి జినోవీ వచ్చి అడిగాడు. చేపలు పట్టేవాడు, మాటకారి, గడ్డంలో ఎప్పుడూ ఒక పొలుసు అంటుకుని ఉండేది. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి చలికాలంలో, ఆమె నిద్ర లేచేసరికి ఆమె బూట్లు పొయ్యిగట్టు మీద వెచ్చగా ఉండేవి. ఎవరు పెట్టారంటే పిల్లి పెట్టిందనేవాడు. అలాంటి మనిషిని పోగొట్టుకోవడానికి ఉస్తీన్యా సిద్ధంగా లేదు. ఇంకో మొగుణ్ణి పాతిపెట్టడం ఆమె వల్ల కాదు. పైగా సరస్సు మింగితే పాతిపెట్టడానికైనా దొరకడు.

వార్న్యాలో మంచు మీదికి చేపలకి వెళ్ళే ప్రతి ఇంటికీ ఒక కాపరి ఉండాలి. కాపరి చేపలు పట్టకూడదు. వేరే కన్నం తవ్వుకుని, పంజాల్లాంటి కొక్కేలున్న ఇనప గుండుని అడుగుకి దింపి, దాని దారాన్ని బిగించి ఒక వంచిన కొమ్మకి కట్టి, కొమ్మకి గంట తగిలించి కూర్చోవాలి. పడమటి గాలి ముదిరితే ఒడ్డు దగ్గర మంచు చీలి, మీదున్న మనుషులతో సహా మైదానమంతా లోపలికి జరిగిపోతుంది. ఎంత మెల్లిగా జరుగుతుందంటే, దాని మీద నిలబడ్డవాడికి కాలి కింద ఏమీ తెలీదు. గుండు మాత్రం అడుగు బురదని పట్టుకుని అక్కడే ఉంటుంది, దారం తెగి గంట మోగుతుంది. చేపలు పట్టేవాడు ఆ దారాన్ని కొనకూడదు, ముట్టుకోకూడదు. చేప పడుతున్న చేతికి చావు కనపడదని అక్కడి పెద్దల మాట. కాపరి "తెగింది" అని ఒక్క మాట అంటే, సగం లాగిన చేపనైనా వదిలేసి బండెక్కాలి, ఎందుకని అడక్కూడదు. ఆ మాట అబద్ధంగా అన్నవాళ్ళని మళ్ళీ ఈ జన్మలో మంచు మీదికి తీసుకుపోరు.

జినోవీకి ఇన్నాళ్ళూ తల్లి ఫెవ్రోనియానే కాపరి. ఆ ఏడు ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి.

"ఈసారి నువ్వే వెళ్ళాలి కోడలా," అంది ఫెవ్రోనియా, సాసర్లో టీ ఊదుకుంటూ.

"నేనా అత్తయ్యా! నాకు బావిలోకి తొంగి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి."

"తిరిగితే మూసుకో. గంట వినడానికి కళ్ళెందుకు? దారం మాత్రం కొత్తది కొనుక్కో. కొట్లో ఉన్నవాటిల్లోకి నాసిది తీసుకో. చేత్తో లాగితే పుటుక్కుమనాలి."

ఎందుకో చెప్పలేదు ఆవిడ. సరస్సు ఒడ్డున పుట్టినవాళ్ళకి అది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు, తల్లి పాలతో వచ్చేది. కోడలు అడవి పిల్లనే మాట ఆవిడకి గుర్తు రాలేదు. కోడలు అడగనూ లేదు. ఎందుకడుగుతుంది? అగ్గిపుల్లని నిలువుగా చీల్చి రెండు చేసే మనిషి ఫెవ్రోనియా, వాడేసిన టీ ఆకుని కిటికీలో ఎండబెట్టి మర్నాడు మళ్ళీ మరిగించే మనిషి. అలాంటావిడ నాసిది తెమ్మంటే దానికి వేరే అర్థం ఉంటుందని ఎవరనుకుంటారు? కన్నకొడుకు ప్రాణం దగ్గర కూడా పిసినారితనమేనా అని ఉస్తీన్యా లోలోపల ఉడికిపోయింది. కోపమంతా గిన్నెల మీద చూపించింది.

ముస్త్వే బజారులో గాలాలూ దారాలూ అమ్మే కొట్టు హెల్వీది. భారీ మనిషి, భారీ నవ్వు. ముందు జినోవీకి కావలసిన సన్న దారం తీసింది.

"పెర్చ్ చేపకి ఇది చాలు. నీళ్ళలో దిగితే నీక్కూడా కనపడదు, ఇక దానికేం కనపడుతుంది? ఇదిగో, ఈ రకం మాత్రం వద్దు. చలికి బిగుసుకుపోయి పంది తోకలా చుట్టలు చుడుతుంది."

"అది సరే. కాపరి దారం కావాలి."

"ఓహో, ఈ ఏడు నువ్వా?" హెల్వీ ఆమెని ఎగాదిగా చూసి, గల్లా కింద నుంచి ఒక పాత ఉండ తీసింది. "మీ అత్త ఎప్పుడూ ఇదే తీసుకునేది. పీలది."

ఉస్తీన్యా కాస్త పొడుగు విప్పి రెండు చేతులతో లాగింది. పుటుక్కున తెగింది. చేప తోక తగిలినా తెగేట్టుంది ఇది! ఊరికే తెగి, తను తెగిందని అరిచి, తీరా ఏమీ కాకపోతే? మళ్ళీ తీసుకుపోరు. జినోవీ ఒక్కడే పోతాడు. అంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది, అది పైకి చెప్పుకునేది కాదు. తాము నిలబడే మంచుకీ కింద నేలకీ మధ్య ఉన్న లంకె ఆ దారం ఒక్కటే. దారం మంచుని కట్టి ఆపదని బుద్ధికి తెలుసు. భయానికి బుద్ధితో పనేముంది?

"తెగనిది లేదా?" అని అడిగింది.

"అల్లిక దారం ఉంది. కాని నీళ్ళు పీలుస్తుందమ్మా, మంచు మీద కర్రలా బిగుసుకుంటుంది. కాపరికి ఎవరూ..."

"తెగుతుందా, తెగదా?"

"నన్ను కట్టి చూరుకి వేలాడదీసినా తెగదు!" హెల్వీ పడీపడీ నవ్వింది. "చూరు ముందు ఊడిపోతుంది."

ఉస్తీన్యా నవ్వలేదు. అల్లిక దారం కొనుక్కుంది. ఇంటికొచ్చి పొయ్యి మసి పట్టించి నల్లగా చేసి, అత్తకి కనపడకుండా సంచిలో అడుగున పెట్టింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు ఇదేనని ఆమెకప్పుడు తెలీదు.

*

తెల్లారి ఉత్తరపు గాలి వీస్తుండగా బయల్దేరారు. లారీ ట్యూబులు చక్రాలుగా కట్టిన బండి, వార్న్యాలో దాన్ని కరకాత్ అంటారు. కప్పలా గెంతుతూ, ఇంజను దగ్గుతూ, ఒడ్డుని వెనక్కి వదిలేసి పోతోంది. జినోవీ పినతండ్రి కొడుకు కలిస్త్రాత్ తన బండిలో పక్కనే వస్తున్నాడు. వాడికి పెళ్ళి కాలేదు, ఇంట్లో కాపరి లేడు. ఏటా వీళ్ళ కాపరి నీడనే చేపలు పట్టుకుంటాడు.

"వదినా! చలికా ఆ వణుకు?" అని కేకేశాడు.

"నీ మొహం చూసి," అంది ఉస్తీన్యా. అంత భయంలోనూ నోరు మాత్రం పనిచేస్తోంది.

ఒడ్డు మీది ఇళ్ళు ఉల్లిపాయలంతై, తర్వాత ఆవగింజలంతై, తర్వాత కనపడకుండా పోయాయి. బండి ఆగింది. దిగితే కింద తెలుపు, పైన తెలుపు. తన బూట్ల కింద మూరెడు మందం మంచు, దాని కింద నల్లటి నీళ్ళు, ఆ రెంటి మీదా ఎగిరితే తప్ప తప్పించుకోలేని తను.

జినోవీ ఆమెకి కన్నం తవ్విపెట్టి, దారం తీసే వేళకి ఆచారం ప్రకారం వీపు తిప్పుకున్నాడు. ఆమె గుండు దింపింది. బిగించింది. కొమ్మ వంగింది, గంట ఒకసారి కిణుక్కుమని ఊరుకుంది. మసి పూసిన దారం మంచులో నల్లగా, నిటారుగా నిలబడింది. దాన్ని చూస్తే ఉస్తీన్యాకి కాస్త ఊపిరి ఆడింది.

అంతలోనే కాళ్ళ కింద ఎక్కడో మంచు మూలిగింది. మూలుగు కాదు, ఎద్దు రంకె. అటు చివర పుట్టి వీళ్ళ కిందుగా ఇటు చివరికి పరిగెత్తింది.

"ఏమయ్యా! కదులుతోంది! పద, పోదాం!"

"కదలడం కాదే, పెరగడం. చలికి మంచు లావెక్కుతుంటే అలాగే అరుస్తుంది."

ఇంకాసేపటికి టపామని పిడుగులా పగిలింది. ఆమె లేచి బండి వైపు పరిగెత్తింది. జినోవీ వెళ్ళి తీసుకొచ్చాడు. మళ్ళీ ఒకసారి, కన్నంలో నీళ్ళు పైకి పొంగినట్టనిపించి అరిచింది. ఈసారి జినోవీ రాలేదు, కూర్చున్నచోటి నుంచే అన్నాడు:

"ఉస్తీ, ఇలా విను. నువ్వు అరిచినప్పుడల్లా లేస్తే నేను చేపలు పట్టినట్టే. ఒప్పందం చేసుకుందాం. దారం తెగితే తెగిందను. ఆ మాట అన్నావంటే, దేవుడి తోడు, గాలం అక్కడే పారేసి వచ్చేస్తాను. ఇంకేం అన్నా నాకు వినపడదు."

"నాన్నా పులి అంటే నమ్మరు వదినా," అన్నాడు కలిస్త్రాత్. "పులొచ్చిన రోజున ఎలాగ మరి?"

సిగ్గేసింది ఆమెకి. నోరు మూసుకుని, ఉల్లిపాయ కూరిన రొట్టె ఒకటి తీసి కత్తితో కోసి, తినలేక మళ్ళీ చుట్టి పెట్టేసింది. ఇక అరవకూడదనుకుంది. దారం చెబుతుంది, తను చెప్పనక్కర్లేదు. దారాన్నే చూస్తూ కూర్చుంది. కన్నంలో నీళ్ళు గడ్డకడుతూ వచ్చాయి. దారం పీల్చిన నీళ్ళు గడ్డకట్టి, దాని చుట్టూ కొవ్వొత్తంత మంచు పేరుకుంది. కొమ్మకీ మంచు పట్టింది. ఎంతసేపు చూసినా దారం నిటారుగానే ఉంది.

మధ్యాహ్నం దాటాక చేపలు విరగబడ్డాయి. జినోవీ ఒకటి లాగి విసిరేలోగా ఇంకోటి తగులుతోంది. మంచు మీద పెర్చ్ చేపలు ఎర్రరెక్కలు కొట్టుకుంటూ, కొట్టుకుంటూనే బిగుసుకుపోతున్నాయి. అన్నదమ్ములిద్దరూ చిన్నపిల్లల్లా కేకలు పెట్టుకుంటున్నారు. అప్పుడు ఉస్తీన్యాకి తన మెడ వెనక చల్లగా తగిలింది. పొద్దున్నుంచీ గాలి ఎడమ చెంపని కోసింది, ఇప్పుడు వీపు మీద కొడుతోంది. వీపు వెనక ఉన్నది ఒడ్డు. అంటే గాలి ఒడ్డు మీంచి వస్తోంది.

అరవబోయి పెదవి కొరుక్కుంది. దారం వంక చూసింది. నిటారుగా ఉంది. కొమ్మ వంక చూసింది. పొద్దున ఇంతే వంగి ఉందా, తక్కువ వంగి ఉందా? గుర్తు లేదు. ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. లేచి జినోవీ కన్నం దగ్గరికి వెళ్ళింది. అతని సన్న దారం నీళ్ళలోకి నేరుగా దిగట్లేదు. ఒడ్డు వైపు ఓరగా, మంచు కిందికి పోతోంది.

"అదేమిటయ్యా, అలా పోతోంది?"

"అడుగున నీళ్ళు పారుతున్నాయి. గాలి మారితే మామూలే." అతని కళ్ళు గాలం మీదే ఉన్నాయి. "నీ దారం ఎలా ఉంది?"

"నిలువుగానే ఉంది."

"ఇంకేం మరి?"

ఆమె వెనక్కి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతికున్న ఊలు తొడుగు తీసేసి, పేరుకున్న మంచుని వేళ్ళతో చిదిపి, అడుగునున్న దారాన్ని పట్టుకుంది. వేలికి గరగరా తగిలింది. ఆగింది, మళ్ళీ గరగరమంది. చేద తాడు పట్టుకుని నిలబడితే, కింద బొక్కెన బావి రాళ్ళకి రాసుకుంటున్నప్పుడు చేతికి ఎలా తెలుస్తుందో, అలాగే. సరస్సు ఆమెకి తెలీదు, బావి తెలుసు. అడుగున గుండు బురదలో ఈడ్చుకుంటూ వస్తోంది.

అప్పుడర్థమైంది ఆమెకి అత్త మాట. నాసిదైతే ఎప్పుడో తెగేది. ఎప్పుడో గంట మోగేది. ఈపాటికి ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని ఉండేవాళ్ళు. ఇది తెగదు. తెగనిది నోరు లేని కాపరి. గుండుని బురదంతా ఈడ్చుకుంటూ, పైకి మాత్రం కర్రలా బిగుసుకుని, ఏమీ లేదు ఏమీ లేదని ఆమెకి ఇంతసేపూ అబద్ధం చెబుతోంది.

"ఏమయ్యా! గుండు ఈడుస్తోంది! నాకు చేతికి తెలుస్తోంది!"

"తెగిందా?"

"తెగలేదు. కాని..."

"గంట మోగిందా?"

"లేదు. ఒక్కసారి వచ్చి పట్టుకుని చూడు నువ్వు. నీకు దణ్ణం పెడతాను."

"నేను పట్టుకోకూడదని తెలుసుగా." నవ్వుతూనే అన్నాడు, చేతిలో చేప గింజుకుంటుంటే. "అడుగున పారే నీళ్ళు గుండుని కదుపుతాయే. మా అమ్మకీ అలాగే తగిలేది."

"ఇవాళ ఎన్నోసారి వదినా మనం మునగడం?" అన్నాడు కలిస్త్రాత్.

తను కొన్నది ఏ దారమో చెప్పేద్దామనుకుంది. చెబితే నమ్ముతాడా? భయంతో కొనుక్కుందట, ఇప్పుడు భయంతో అరుస్తోందట, అంటాడు. అన్నా తప్పు లేదు. తనకే నమ్మకం లేదు. ఈ గరగర నిజమో, తన గుండె దడే వేళ్ళలోకి దిగిందో ఎవరు చెప్పాలి? అతని తల్లికీ అలాగే తగిలేదట. పొద్దున్నుంచీ ప్రతి చప్పుడుకీ చచ్చి బతికిన మనిషి తను. అలాంటి మనిషి వేలిని ఎవరు నమ్ముతారు? పోనీ ఇంకాసేపు చూస్తే? చూస్తుండగా చీలిక ఇంకాస్త వెడల్పవుతుంది. గాలి మెడ మీద ఊదుతూనే ఉంది.

పొద్దున రొట్టె కోసిన కత్తి సంచి మీదే ఉంది. తీసుకుంది. మంచు మీద అబద్ధం చెప్పినవాళ్ళని మళ్ళీ తీసుకుపోరు. తీసుకుపోకపోతే ఇతను ఒంటరిగా పోతాడు. అయినా పోవడానికి ముందు ఇతను ఉండాలి కదా. కత్తి మొన మొదటిసారి మంచులో దిగింది. రెండోసారి దారం మీద పెట్టి బలంగా లాగింది.

కొమ్మ ఎగిరి నిలబడింది. గంట పిచ్చిపట్టినట్టు మోగింది. కింది ముక్క పాములా నీళ్ళలోకి జారిపోయింది.

"తెగింది!" అని అరిచింది ఉస్తీన్యా. తన గొంతు తనకే ఎవరిదోలా వినపడింది. "తెగింది! తెగింది!"

జినోవీ మొహంలో నవ్వు దీపం ఆర్పినట్టు ఆరిపోయింది. గాలం చేతిలోంచి వదిలేశాడు. దాని చివర చేప ఉంది, గాలాన్ని కన్నంలోకి లాక్కుపోయింది. అతను చూడనైనా చూడలేదు. బండి దగ్గరికి పరిగెత్తి ఇంజను తాడు లాగుతున్నాడు.

కలిస్త్రాత్ మాత్రం చేపల కుప్ప మీదికి వంగి ఉన్నాడు. "ఏదీ వదినా, కొస చూపించు."

కొమ్మకి మిగిలిన ముక్కని ఆమె అప్పటికే విప్పి తొడుగులో దాచేసింది, పిడికిలి బిగించింది.

"ఆవిడ అన్నది నీకు వినపడలేదా?" జినోవీ కేక మంచు మీద మోగింది. "అన్నాక అడిగేదేముందిరా! బండెక్కు!"

*

ఒడ్డు వైపు పోతుంటే కొత్త భయం పట్టుకుంది ఆమెని. ఎంత దూరం పోయినా మంచు తెల్లగా, గట్టిగా, ఏ దోషమూ లేకుండా ఉంది. వెనకాల బండిలో కలిస్త్రాత్ చేతులు ఊపి ఏదో అంటున్నాడు, తిడుతున్నాడనడానికి వినక్కర్లేదు. జినోవీ ముందుకే చూస్తూ బండి తోలుతున్నాడు. చీలిక ఉండాలి దేవుడా, అనుకుంది ఉస్తీన్యా. ఒక్క చీలిక ఉండాలి. అనుకున్న మరుక్షణం తను ఏమని మొక్కుకుందో అర్థమై, తొడుగుతో నోరు అదుముకుంది. మొగుడి ప్రాణం కంటే తన మాట ముఖ్యమైందా? తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడు కనపడింది. ముందు ఒక నల్ల గీతలా. దగ్గరికి పోయేకొద్దీ అది గీత కాదు, కాలువ. కాలువ కాదు, ఏరు. అటువైపు మంచు, దాని వెనక ఆవగింజల్లా ఊరి ఇళ్ళు. మధ్యలో నల్లటి నీళ్ళు చిన్న చిన్న అలలు వేస్తూ, పొగలు కక్కుతూ ఉన్నాయి. చూస్తుండగానే ఇవతలి అంచు నుంచి ఒక పెంకు విరిగి నీళ్ళలో తేలిపోయింది.

కలిస్త్రాత్ బండి ఆపి, దిగి, ఆ నీళ్ళని చూసి, మళ్ళీ ఎక్కాడు. వాడి బండి తేలిక. ముందుగా నీళ్ళలోకి దూకింది. ట్యూబు చక్రాలు తేలుతూ, నీళ్ళని తెడ్లలా తోస్తూ అవతలికి చేరి, అంచు మీద రెండుసార్లు జారి, మూడోసారి పాకింది.

"గట్టిగా పట్టుకో," అన్నాడు జినోవీ.

బండి నీళ్ళలోకి దిగినప్పుడు ఉస్తీన్యా అరవలేదు. అరవడానికి లోపల గాలి లేదు. నీళ్ళు నడుం దాకా వచ్చి తొడల మీద చల్లటి కత్తులు దూశాయి. ఇంజను గుడగుడమంది. అవతలి అంచు దగ్గరైంది, ముందు చక్రం అంచు ఎక్కింది, అంచు విరిగింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ విరిగింది.

"దూకు!"

"నువ్వో?"

"దూకవే ముండా!" అని అరిచాడు. పెళ్ళైన రెండేళ్ళలో అతని నోటి నుంచి అలాంటి మాట ఆమె వినలేదు. ఆ మాటలో ఉన్న భయానికే ఆమె కాళ్ళు లేచాయి. దూకింది. బోర్లా పడింది, గడ్డం పగిలింది, మోచేతులతో మంచుని గీరుకుంటూ ముందుకి పాకింది. వెనక్కి తిరిగి చూస్తే, ఆమె దూకిన ఊపుకి బండి వెనక్కి పోతోంది. దాని మీద జినోవీ ఒక్కడే ఉన్నాడు. వాళ్ళిద్దరి మధ్యా నల్లనీళ్ళు పెరుగుతున్నాయి.

"జినోవీ!" అని పేరు పెట్టి అరిచింది.

ఆమె తల మీంచి ఒక మోకు ఎగిరి పోయింది. కలిస్త్రాత్ విసిరాడు. తగల్లేదు, నీళ్ళలో పడింది. లాక్కుని మళ్ళీ విసిరాడు. జినోవీ పట్టుకుని బండికి మెలేశాడు. కలిస్త్రాత్ తన బండికి కట్టి లాగాడు. ఆమె వెళ్ళి ఆ మోకుని తనూ పట్టుకుంది, తన బలం దానికేం చాలుతుందని ఆలోచించకుండా. బండి ముక్కు అంచుని గుద్ది, విరగ్గొట్టి, గుద్ది, చివరికి మందం ఉన్నచోట పైకి లేచింది. జినోవీ దిగాడు. దిగి, నిలబడలేక కూర్చున్నాడు.

ఆమె అతని పక్కన కూలబడి, తొడుగుల చేతులతో అతని గడ్డం, భుజాలు, మోకాళ్ళు తడిమి చూసింది. అన్నీ ఉన్నాయి. వెనకాల వాళ్ళు పొద్దున్నుంచీ కూర్చున్న మైదానం మొత్తం, చేపలతో, కన్నాలతో, మోగడం ఆపేసిన గంటతో, నింపాదిగా సరస్సు నడిబొడ్డుకి పోతోంది.

కలిస్త్రాత్ టోపీ తీసేసి, రెండు వేళ్ళతో శిలువ వేసుకున్నాడు, ఆపకుండా. తర్వాత మోకు చుట్టుకుంటూ అక్కణ్ణించే కేకేశాడు:

"వదినా! నన్ను చెప్పుతో కొట్టు. ఆ తెగిన కొస ఏదీ? ముద్దు పెట్టుకుంటాను. పెద్దమ్మ దాన్ని దేవుడి మూల వేలాడదీస్తుంది, ఈస్టరు దాకా నేను రోజూ వచ్చి మొక్కుతాను!"

అది ఆచారమే. తెగిన కొసని ఇంట్లో దేవుడి పటాల కింద వేలాడదీస్తారు. ఊరంతా వచ్చి చూస్తుంది. ఉస్తీన్యా పిడికిలి విప్పలేదు.

జినోవీ ఆమె మొహం చూశాడు. చెయ్యి చాపాడు. ఆమె తొడుగులోంచి దారం ముక్క తీసి అతని అరచేతిలో పెట్టింది. అతను బొటనవేలితో రాశాడు. మసి పోయి అల్లిక బయటపడింది. కొస నున్నగా, ఉలితో కోసినట్టు ఉంది.

"ఇది తెగే జాతి కాదు," అన్నాడు మెల్లిగా.

"కాదు. అత్తయ్య నాసిది కొనమంది. నాకు భయమేసి గట్టిది కొన్నాను. అందుకే గంట మోగలేదు. అది తెగలేదయ్యా. నేను కోశాను."

"తెలిసి కోశావా?"

అబద్ధం చెప్పొచ్చు. తెలిసే కోశానంటే ఎవరు కాదంటారు? నీళ్ళు కళ్ళెదురుగా ఉన్నాయి.

"లేదు. భయపడి కోశాను."

కలిస్త్రాత్ మోకు భుజాన వేసుకుని ఇటు బయల్దేరాడు. జినోవీ దారం కొసని నోట్లో పెట్టుకున్నాడు. దవడ పళ్ళ మధ్య ఇరికించి నమలడం మొదలుపెట్టాడు. కుక్క ఎముకని కొరికినట్టు ఒక పక్కకి తల వంచి కొరికాడు, పీకాడు, మళ్ళీ కొరికాడు. అప్పుడు చూసింది ఆమె, అతని దవడ ఆగకుండా అదురుతోంది. పళ్ళు టకటకమంటున్నాయి, దారాన్ని నమిలేందుకు అతను వాటిని బలవంతంగా కలుపుతున్నాడు. ఈ మాటకారి మనిషి కూడా లోపల తనలాగే చచ్చి బతికాడని ఆమెకి తెలిసింది.

అతను కొస బయటికి తీశాడు. పోగులు విడి, చీపురు మొనలా చిందరవందరగా ఉంది. ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"తెగింది," అన్నాడు. "నువ్వన్న మాట నిజమే."

కలిస్త్రాత్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఉస్తీన్యా చేతిలోంచి ఆ కొసని రెండు చేతులతో అందుకుని ముద్దు పెట్టుకున్నాడు. తడిగా ఎందుకుందని అడగలేదు. జినోవీ మొహం పక్కకి తిప్పుకుని నాలుక మీంచి ఒక నల్లపోగు తీసి పారేశాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు, ఆమెకి మాత్రమే వినపడేట్టు అన్నాడు:

"మంచు మళ్ళీ అతుక్కునేలోగా ముస్త్వే వెళ్ళి నాసిది తెచ్చుకో."